బోదె గట్టు వావిలి

మే 9
చేలకు నీళ్లొచ్చే బోదె గట్టు మీద వావిలి ఆకు పసుపు రంగుకు తిరుగుతోంది. నీలం పూలు వచ్చిన పూటే రాలిపోతున్నాయి. వేసవికి కాలవల్లో నీళ్లు ఆపేశారు, మంచినీళ్లు లేవు. పక్క రొయ్యల చెరువు నుంచి ఉప్పు ఊరుతోంది. నాకు ఎనిమిదో నెల. పురిటి స్నానానికి ఈ ఆకే కావాలి.

మే 12
ఇప్పుడే కాస్త కోసి ఎండబెడదామా అని అత్తయ్యగారిని అడిగాను. చెయ్యి పట్టుకుని ఆపేశారు.
"వద్దమ్మా! బిడ్డ భూమ్మీద పడకుండా ఆకు కోయకూడదు. కిందటిసారి నేనే తొందరపడి కోసేను..."
కిందటిసారి ఆకు ఆరింది. బిడ్డ దక్కలేదు. అమలాపురం డాక్టరమ్మ బీపీ వల్ల అంది. నేనూ బీపీ అనే నమ్ముతాను... పగటిపూట.

మే 15
భయంగా ఉంది. అంతే.

మే 18
ఈయన వెళ్లి, ఉప్పునీళ్ల పైపు మళ్లించమని రొయ్యల చెరువాయన్ని అడిగారు. "ఆయ్, అలాగేనండి, పైపు అటు తిప్పించేస్తానండి" అన్నారట. తిప్పలేదు. మా వైపు మర్యాద ఇదే — కాదనరు, చెయ్యరు. గట్టు మీద మట్టి తెల్లబడుతోంది.

మే 21
అత్తయ్యగారు సంతకు వెళ్లారు. ఒక కొమ్మ విరిచాను. కోయడం కాదు, నాటడం — నాకు నేనే చెప్పుకున్నాను. కుండీలో గుచ్చి, తాగే నీళ్లు పోసి, నూతి వెనక దాచాను. సబ్బుతో కడిగినా చేతికి ఆకు ఘాటు పోలేదు. సాయంత్రం ఆవిడ పక్కన కూర్చుంటే చేతులు చెంగులో దాచుకున్నాను.
తప్పు చేశానా...

మే 25
గట్టు మీద పొద చచ్చిపోయింది. గోటితో గీరి చూశాను. లోపల పచ్చ లేదు.

మే 27
కోళ్ల గూడు వెనక పాత డబ్బా. అందులో వావిలి కొమ్మ. నేను పెట్టింది కాదు. తడి మట్టి మీద అత్తయ్యగారి వేళ్ల గుర్తులు.
ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. వద్దన్న ఆవిడే విరిచారంటే ఎంత భయపడి ఉండాలి! ఇద్దరం దొంగలమే. డబ్బా ఉన్నచోటే ఉంచి వచ్చేశాను.

మే 30
నా కొమ్మ కణుపు దగ్గర ఆకుపచ్చ చుక్క. చిగురో, నా ఆశో.
పొద్దుటి నుంచి కడుపులో కదలిక లేదు. తీపికి కదులుతుందేమోనని పటికబెల్లం చప్పరిస్తూ ఎడమవైపు తిరిగి పడుకున్నాను. గుమ్మంలోంచి అత్తయ్యగారు — "కదిలిందామ్మా?"
"ఆయ్, కదిలిందండి" అన్నాను.
నమ్మలేదు. ఆటో పిలవమని ఈయనతో అంటున్నారు. ఒక చేత్తో రాస్తున్నాను, రెండోది పొట్ట మీదే ఉంది.
కదులు నాన్నా. ఒక్కసారి...