చెయ్యి తగల్లేదు

జువ్వలదిన్నె

అమ్మకు దండాలు.

నేనూ నాన్నా బాగానే ఉన్నాం. నువ్వూ అక్కా పసిపిల్లా విశాఖలో కులాసాగా ఉన్నారని ఫొటోలు చూసి సంతోషించాం. పిల్ల ముక్కు మన వైపుదే. ఫోన్లో నీకు సగం మాటలు వినపడవు, వినపడిన సగాన్ని వేరేగా అర్థం చేసుకుంటావు. అందుకని ఉత్తరం రాస్తున్నాను.

నీ ప్రశ్నలకు జవాబులు. నాన్న దగ్గు తగ్గింది, బీడీ తగ్గలేదు. వలలు బాగుచేయడం అయింది, బోటు ముక్కుకు కొత్త రంగు వేయించాడు. వేట నిషేధం ఉన్నన్నాళ్లూ ఎండుచేపల పులుసే. నేను వండితే ఉప్పెక్కువ అంటాడు, అంటూనే మళ్లీ వడ్డించుకుంటాడు.

నెల్లూరులో ఉద్యోగం చేసేదానివి ఊళ్లో ఎందుకున్నావని అడిగావు. ఆఫీసులో గొడవై వచ్చేశానని పక్కింటి హజరత్తయ్య మామ నీకు చెప్పేసినట్టున్నాడు. ఆ జవాబు పెద్దది. ఓపిగ్గా చదువు.

మా కంపెనీ పని నీకు తెలుసు. బోట్లలో పెట్టిన పెట్టెలు బోటు ఎక్కడుందో చెబుతుంటాయి. ఆపద వచ్చి మీట నొక్కితే మేము ఒడ్డుకు కబురు చేస్తాం. ఆ సమాచారమంతా నెల్లూరు సర్వర్‌లో ఉంటుంది. అది ఆగిపోతే తిరుపతిలోని రెండో సర్వర్ పని అందుకోవాలి. ఎలా అందుకోవాలో ముందే ఆలోచించి ఏర్పాటు చేయడం నా పని. అయితే మధ్యలో లైను తెగినంత మాత్రాన రెండూ ఎవరికి వారే పెద్ద అనుకుంటే, ఒకే బోటును ఇది ఒకచోట, అది ఇంకోచోట చూపిస్తాయి. అలా కాకుండా మూడో చిన్న సర్వర్‌ను సాక్షిలా పెట్టుకుంటాం. మూడింట్లో రెండు ఒప్పుకుంటేనే ఏదైనా పెద్దరికం తీసుకోవాలి.

ఆ మూడోదాన్ని నెల్లూరు గదిలోనే, మొదటిదాని పక్కనే పెట్టారు. తుఫానుకు గదిలోకి నీళ్లొస్తే రెండూ కలిసే పోతాయి. తిరుపతిది ఒంటరిగా మిగిలి, ఒప్పుకునే తోడు లేక ఊరికే కూర్చుంటుంది. సాక్షిని కడప బ్రాంచికి మార్చమని మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను.

మా మేనేజర్ జయకుమార్ గారు చెడ్డ మనిషేమీ కాదు. మొదటి సర్వర్ ఆపి చూసినప్పుడు తిరుపతిది లేచింది కదా అనేవారు. లేచింది, సాక్షి బతికుంది కాబట్టి. బోట్లన్నీ ఒడ్డున ఉన్నప్పుడే గది మొత్తం ఆపి చూద్దామని అడిగితే, కొత్త కాంట్రాక్టు ఇవ్వబోయేవాళ్లు చూడడానికి వస్తున్నారు, వాళ్లు పోయాక చూద్దామన్నారు. వాళ్ల రాక వాయిదా పడుతూనే ఉంది. నిషేధం ముగిసే రోజు దగ్గరపడింది.

ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యి అందరూ సీట్లలోకి వచ్చాక, నేనే వెళ్లి ఆ గదికి కరెంటు ఆపేశాను, బ్యాటరీలతో సహా. ఎవరినీ అడగలేదు.

తెరలన్నీ ఖాళీ అయ్యాయి. జయకుమార్ గారు పరుగున వచ్చారు.

“ఏం చేసినావమ్మా?”

“ఆపినాను సార్. మన పెట్టె ఉండే బోటు ఒక్కటి కూడా ఈపొద్దు సముద్రంలో లేదు. అందుకే ఈపొద్దు ఆపినాను.”

ఇద్దరం తెర వైపే చూస్తూ నిలబడ్డాం. నా మాట తప్పయితే బాగుండునని కూడా ఒక క్షణం అనిపించింది. తిరుపతిది లేవలేదు. మళ్లీ కరెంటు ఇచ్చేదాకా అలాగే ఉండిపోయింది.

మర్నాడు నా ముందు ఒక కాగితం పెట్టారు. గది సర్దుతుండగా పొరపాటున చెయ్యి తగిలి స్విచ్ పడిందని, క్షమించమని అందులో ఉంది. సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది.

“నీ మంచికే చెప్తా ఉండా. చెప్పకుండా చేసినావు, దాన్ని ఎట్నో కప్పాల గదా,” అన్నారు జయకుమార్ గారు.

అడక్కుండా చేశానని రాసిస్తానన్నాను. పొరపాటున అని మాత్రం రాయనన్నాను. పొరపాటున ఆగిందంటే అది పరీక్ష కాదు. పరీక్ష కాకపోతే మేం కళ్లారా చూసిన లోపమూ లేనట్టే. సాక్షి అక్కడే ఉండిపోతుంది. సాయంత్రానికి నన్ను పనిలోంచి పక్కన పెట్టారు.

ఊరికొచ్చి హార్బర్ దగ్గర బోటు యజమానుల సంఘంలో ఉన్నదున్నట్టు చెప్పాను. ప్రెసిడెంటు నరేంద్రబాబు ఉద్యోగం పోయిందనే కోపంతో చెప్తా ఉండావా అని అడిగాడు.

“కోపం ఉండాది మామా. నాకు కోపం లేకపోయినా అది లేవదు.”

నాన్న సంగతి నీకు తెలుసు, నలుగురిలో నోరు తెరవడు. ఆరోజు లేచి నిలబడ్డాడు. “ఆ గది ఇంకోసారి ఆపి మాకు చూపించేదాకా నేను బోటు తాడు విప్పను,” అన్నాడు. ఆ తర్వాత మిగతావాళ్లూ అదే మాట అన్నారు.

అందరూ కలిసి నెల్లూరు వెళ్లారు. నన్ను లోపలికి రానివ్వరని నేను బోటు మీదే కూర్చున్నాను. కంపెనీ చివరికి సాక్షిని కడపకు మార్చింది. సంఘంవాళ్ల ఎదుటే గది మొత్తం ఆపారు. మా ఆఫీసులో పనిచేసే షాహనా ఫోన్ చేసి, “లేచిందక్కా, తిరుపతిది లేచింది,” అని అరిచింది. నిషేధం ముగియగానే నాన్న వేటకు వెళ్లాడు.

ఈ ఉత్తరంలో ఇంతవరకూ రాయకుండా దాచింది ఇప్పుడు చెబుతాను. నిన్న కంపెనీ నుంచి అదే కాగితం మళ్లీ వచ్చింది. అంతా సర్దుకుంది, సంతకం పెట్టి సోమవారం వచ్చెయ్యమన్నారు. కాస్త తగ్గితే ఏం పోతుందని నువ్వు రాశావు కదా. పోతుందమ్మా. రేపు నా కుర్చీలో కూర్చునే పిల్ల ఆ కాగితం చదివి, గది ఆపి చూడడం తప్పనుకుంటుంది. తను ఇంకెప్పుడూ ఆపి చూడదు. పరీక్షించని ఏర్పాటును నమ్మి నాన్నలాంటివాళ్లు సముద్రంలోకి పోతారు. నాకు పని ఇంకోచోట దొరుకుతుంది. దొరకడం ఆలస్యమైతే ఎండుచేపలు తిని ఉంటాను.

నువ్వు తిడతావని తెలిసే, నిన్ను అడక్కుండానే కాగితం తిప్పి పంపేశాను. సంతకం పెట్టాల్సిన చోట ఒక్క ముక్క రాశాను: “చెయ్యి తగల్లేదు. నేనే ఆపాను.”

అక్కకు నా ప్రేమ, పిల్లకు ముద్దులు.

ఇట్లు
తిట్లు తినడానికి సిద్ధంగా ఉన్న నీ చిన్నకూతురు
గంగాభవాని