మెతుకు ముట్టని జడ్జీ

సంచౌంగ్, రంగూన్
1976

ప్రియమైన రత్నం వదినకి సూరమ్మ దండాలు.

పిల్లలు బాగున్నారా? నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. బజార్లో నా పప్పుల కొట్టు మా అత్త నాటి నుంచీ ఉన్నదే కదా. "కలా ఆడదానికెందుకు, నాకియ్యండి" అని, మనల్ని బర్మావోళ్ళు ఎగతాళిగా పిలిసే ఆ మాటతోనే, పక్క కొట్టు కో టిన్ కోర్టుకెక్కినాడు. ఆ కోర్టుకి కొత్త జడ్జీగా ఊ బా తాన్ పేరు ముందుకి తెచ్చారు. మీ మౌల్మీన్‌లో హెడ్మాస్టరు సేసినాయనే. ఇప్పుడు లాయర్లు కాని మామూలోళ్ళనే జడ్జీలు సేస్తన్నారు కదా. ఒద్దనీవోళ్ళు వచ్చే నెల వార్డు మీటింగులో సెప్పొచ్చట.

మనోళ్ళంటే ఆయనకేటి అభిప్రాయమో సూద్దామని, మన పెద్ద నీలకంఠం మావ పున్నమినాడు అమ్మోరి పండక్కి పిలిసినాడు. పూజయ్యి ఆకులేసేసరికి పొద్దు వాలింది. అందర్తో నవ్వుతా మాటాడినాడు గానీ, మెతుకు ముట్టనేదు! "మన కూడు తిననోడు మన గోడు వింటాడా? ఒద్దని సెప్పీద్దాం" అంటన్నాడు మావ. ఆయనెలాటోడో ఎంటనే రాయి.

నీ సూరి

మౌల్మీన్

ప్రియమైన సూరీ,

ఓసి ఎర్రిదానా! పున్నమినాడు ఆయన శీలం పడతాడు, బుద్ధుణ్ణి కొలిసేవోళ్ళ ఉపాసం అది. మజ్జానం దాటితే కన్నతల్లి పెట్టినా తినడు. బర్మాలో పుట్టి ఇది తెలీదేటి మీకు? ఇక్కడ మా పక్కింటి దండాసి కొడుకుని, తాత ఇండియా నుంచొచ్చినోడని, బడిలోంచి తీసీమని పైనుంచి మాటొస్తే, "పరీక్ష రాసింది కుర్రోడు, ఆడి తాత కాదు" అన్నాడాయన. దానికే బదిలీ సేసీసారు.

మీ రత్నం వదిన

వదినా,

కోప్పడకు. ఆయన పెళ్ళాం నీకు నేస్తమట కదా, అందుకే పొగుడతన్నావేటి? ఉపాసమైతే నోటితో సెప్పొచ్చు కదా? ఆ ముక్క దాసినోడు మనసు దాయడా?

సూరి

సూరీ,

నేస్తమే. అందుకే తెలుసు. ఉపాసముంటే డప్పు కొట్టుకునే మనిషి కాదు. అనుమానం నీది, కొట్టూ నీదే. ఇంక రాయను.

రత్నం

మా మంచి వదినకి,

నువ్వు రాయకపోయినా నాను రాస్తాను. మీటింగులో నీలకంఠం మావ లేసి "ఒద్దు" అన్నాడు. నీ మాట నమ్మి నానూ లేసి "నాయమైన మనిషి, ఈయనే గావాల" అన్నాను. బడి కత ఎత్తనేదులే, ఎత్తితే ఆయన కొంప ములుగుతాది. అప్పట్నుంచీ మావకి నాతో మాటల్నేవు.

ఆయన జడ్జీ అయినాడు. నిన్న నా కేసు పిలిసారు. కుర్చీలో ఆయన్ని సూసి గెలిసీసాననుకున్నాను. కో టిన్ ఎంక సూసి నవ్వాను కూడా. ఆయన నన్ను సూసి లేసి నిలబడినాడు. "ఈవిడ మీటింగులో నా తరఫున మాట్లాడింది. ఈ కేసు నేను వినకూడదు" అనీసి లోపలికెళ్ళిపోనాడు! నా నవ్వు కాస్తా కో టిన్ మొకం మీదకెళ్ళింది. కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. అంత నికార్సయిన మనిషి నాకే దొరకాలా?

మంగళవారం ఏరే జడ్జీలు వింటారట. ఆళ్ళెవరో, ఎలాటోళ్ళో మనోళ్ళెవరికీ తెలీదు వదినా. ఇన్నాళ్ళూ ఒక్కణ్ణే అనుమానించుకుంటా కూసున్నాం.

నీ సూరమ్మ