మంచం వైపు నుంచి చూస్తే

శ్రీవారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మంగళవారం అందింది. నేను బాగానే ఉన్నాను. "ఇక్కడ అందరం క్షేమం" అని ఎప్పుడూ మొదటి వరుసలోనే రాసేదాన్ని. ఈసారి ఆ మాట రాయలేదని మీరు గమనించే ఉంటారు. అత్తయ్య ఒంట్లో బాగోలేదు. ఎంత బాగోలేదో ఈ ఉత్తరంలోనే రాస్తాను. కానీ నన్ను నా పద్ధతిలో వెళ్లనివ్వండి. మీరు అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు చెబుతూ వెళితేగాని నా చెయ్యి అక్కడిదాకా సాగేలా లేదు.

వంటింటి గోడ చెమ్మ సంగతి అడిగారు. మేస్త్రీ వచ్చి పైపు తవ్వి తీశాడు. మీరనుకున్నట్టు పైకప్పు నుంచి కాదు, గోడలోంచే కారుతోంది. బాగుచేశాడు. సున్నం ఆరాక రంగు వేయిస్తాను. మీ చలికోటు పార్సిల్ చేశాను. ఎడమ జేబు చిరిగితే లోపలి నుంచి కుట్టాను, పట్టిపట్టి చూస్తేగాని తెలీదు. వెల్డింగు చేసేటప్పుడు కళ్లద్దాలు తీసేస్తున్నారా అని అక్కడ సముద్రం మీద మీ పక్క పడక ఆయన్ని అడుగుదామనుకున్నాను గానీ, ఆయన పేరైనా నాకు తెలీదు కదా? మీరే నిజం రాయండి.

ఇక టీవీ. మీ ఉత్తరంలో మూడొంతులు అదే. "మొదట నేను ఎల్సీడీ అంటే అమ్మ ప్లాస్మా అంది. నేను సరే అని రాయగానే ఎల్సీడీ అంది. దానికీ సరే అంటే మళ్లీ ప్లాస్మా. అత్తాకోడళ్లిద్దరూ కలిసి నాతో ఆడుకుంటున్నారా?" అని రాశారు. నవ్వుతూ రాసుంటారు. దానికి జవాబు అవుననే. ఆ సంగతికీ వస్తాను.

మీరు పంపిన కాగితాలన్నీ చదివాను. ఎల్సీడీకి తెర వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి చీకటి సీనులో కూడా నలుపు బూడిదరంగుగా కనిపిస్తుంది. ప్లాస్మాలో నలుపు నలుపే. కానీ అది కరెంటు ఎక్కువ తాగుతుంది, వేడెక్కుతుంది, ఇద్దరు పట్టుకుంటేగాని లేవదు. ముందుభాగం అద్దం కాబట్టి ఎదురుగా కిటికీ ఉంటే బొమ్మకన్నా కిటికీయే బాగా కనిపిస్తుంది. ఎల్సీడీకి ఆ బాధ లేదు, కానీ పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. మీ కాగితాల్లో ఈ చివరి ముక్క ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. మన ఇంటికి మాత్రం అదే పెద్ద ముక్క.

మన ముందుగది మీకు కళ్లకు కట్టినట్టు ఉంటుంది కదా. రెండు గోడలకి తలుపులు, మూడో గోడకి కిటికీ. టీవీ పెట్టడానికి మిగిలింది ఒక్క గోడే, కిటికీకి ఎదురుగా. మీ కుర్చీ కిటికీ ముందు. అత్తయ్య మంచం టీవీ గోడకి దగ్గరగా, ఓ పక్కకి, స్నానాలగది తలుపు దగ్గర. దాన్ని అక్కణ్ణుంచి జరపడానికి లేదు, ఇంకో నాలుగు అడుగులు ఎక్కువైతే ఆవిడ నడవలేరు. మంచం కిందికి దింపింది మోకాళ్ల నొప్పులకని, మెట్లెక్కలేకపోతున్నారని మీకు రాశాను.

శుక్రవారం టీవీ షాపుకి వెళ్లాను. ఎల్సీడీ, ప్లాస్మా రెండూ పక్కపక్కనే పెట్టి ఒకే బొమ్మ వేశారు. ఎదురుగా నిలబడితే రెండూ బాగానే ఉన్నాయి. మన గది కొలత ప్రకారం పక్కకి జరిగి, నేలమీద కూర్చుని, అత్తయ్య దిండు ఎత్తుకి తల వంచి చూశాను. షాపాయన పరుగున వచ్చాడు.

"ఏంటమ్మా, కళ్లు తిరుగుతున్నాయా? మంచినీళ్లు తెప్పించనా?"

"కాదండీ. మా అత్తగారి తల ఇంత ఎత్తులో ఉంటుంది. ఆవిడకి ఎలా కనిపిస్తుందో చూస్తున్నాను."

ఆయన "మీ అత్తగారు పెట్టిపుట్టిందమ్మా. మా ఆవిడైతే మా అమ్మ మంచం గోడవైపు తిప్పేసి, ఇక నీ ఇష్టం అంటుంది" అని, తనూ పంచె సర్దుకుని నా పక్కన చతికిలబడ్డాడు. ఇద్దరం తలలు వంకరగా పెట్టి చూశాం. వార్తలు చదివే అమ్మాయి మొహం ఎల్సీడీలో మసిపట్టినట్టుంది. ప్లాస్మాలో మాత్రం ఎదురుగా చూసినట్టే ఉంది.

"మీకు ప్లాస్మాయేనమ్మా. సందేహమే లేదు. ఎన్నేళ్లు వాడదామనుకుంటున్నారు? పదేళ్లదాకా ఢోకా లేదు."

నేను లేచి వచ్చేశాను. ఆయన ధర గురించి అలిగాననుకుని వెనకాలే గుమ్మం దాకా వచ్చాడు.

ఇంటికి రాగానే అత్తయ్య అడిగారు. "ఏదే బాగుంది?"

"ప్లాస్మా అత్తయ్యా. మీ మంచం దగ్గర్నుంచి అదే బాగుంటుంది."

"నా మంచం దగ్గర్నుంచి చూశావా? వాడి కుర్చీ దగ్గర్నుంచి చూడలేదూ?"

"లేదు."

"ఇంత లెక్కలమనిషివి, ఆ మాత్రం తెలీదుటే? వాడి కుర్చీలోంచి చూడాలి. మంచం ఎన్నాళ్లుంటుందని అక్కడ?"

చాలా మామూలుగా అన్నారు, పాలవాడికి రేపు రావద్దని చెప్పినట్టు. నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి నిలబడ్డాను.

ఇప్పుడు రాస్తున్నాను. అత్తయ్యది మీకు చెప్పినట్టు మోకాళ్ల నొప్పి కాదు. కాలేయంలో గడ్డ. మీరు వెళ్లాక రెండో నెలలో తెలిసింది. అప్పటికే బాగా పాకిపోయిందన్నారు. ఆపరేషను వల్ల ఉపయోగం లేదన్నారు. మందు ఎక్కిస్తే కొంతకాలం పొడిగించవచ్చని, కానీ ఆ కాలమంతా వాంతులతోనే గడుస్తుందని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. అత్తయ్య వద్దన్నారు. నేను బతిమాలాను, కోప్పడ్డాను కూడా. "నీ ఒంటికైతే నువ్వు చెప్పుకో" అన్నారు. నొప్పికి మాత్రం మందు ఇస్తున్నారు.

మీకు చెప్పవద్దని ఆసుపత్రి మెట్ల మీదే నా చేత మాట తీసుకున్నారు. మధ్యలో వదిలేసి వస్తే ఆ కంపెనీ మిమ్మల్ని మళ్లీ తీసుకోదని ఆవిడకి తెలుసు. "వాడు వచ్చి చేసేదేముంది? నా మంచం పక్కన కూర్చుని గోళ్లు కొరుక్కుంటాడు. చిన్నప్పట్నుంచీ అంతే." నేను ఒప్పుకున్నాను. ఆవిడ కోసమే ఒప్పుకున్నానని చెప్పను. మీ ఉద్యోగం పోతుందని నాకూ భయం వేసింది.

టీవీ ఆట అప్పుడే మొదలైంది. మీరు ఎల్సీడీ కొందామా అని ఊరికే రాశారు. ఆ ఉత్తరం చదివి వినిపిస్తే అత్తయ్య లేచి కూర్చున్నారు. "ప్లాస్మా కావాలని రాయి" అన్నారు. ప్లాస్మా అంటే ఏంటో ఆవిడకి తెలీదు, నాకూ తెలీదు. "ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చున్నానే. లైను ఖాళీగా ఉంటేనే జనానికి అడక్కూడనివన్నీ గుర్తొస్తాయి. వాణ్ణి టీవీ మీదే మాట్లాడనీ" అన్నారు. మీరు ఒప్పుకున్నప్పుడల్లా మాట మార్చారు. మీరు కాగితాల మీద కాగితాలు పంపారు. నా గురించి, గోడ గురించి, టీవీ గురించి అడిగారు. ఆవిడ గురించి "అమ్మ ఏమంటోంది" అని తప్ప అడగలేదు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదండీ. అలా అడగకుండా ఉండేలా మేమిద్దరం కూర్చుని రాశాం.

"ఆదివారం ఫోనులో అమ్మ గొంతు ఖంగుమంది, నాకు చాలా ధైర్యంగా ఉంది" అని మీ ఉత్తరం చివర రాశారు. ఆ గొంతు ఎలా వస్తుందో చెబుతాను. నొప్పి మందు వేసుకుంటే నాలుక మడతపడుతుందని ఆదివారం పొద్దున మందు మానేస్తారు. మీ ఫోను వచ్చే వేళకి వీపు వెనక మూడు దిండ్లు పెట్టించుకుంటారు. గోరువెచ్చటి నీళ్లు ఓ గుక్క తాగి "హలో, హలో" అని రెండుసార్లు అని చూసుకుంటారు. మీరు మాట్లాడే ఆ కాస్తసేపూ నేను పక్కనుంచి భుజం పట్టుకుంటాను, ఒరిగిపోకుండా. ఫోను పెట్టేశాక సాయంత్రందాకా మాటలుండవు. మొన్నటి ఆదివారం ఫోను పెట్టేసి, "ఏమన్నాడే? వినిపించలేదు, ఊరికే ఊఁ కొట్టాను" అన్నారు. పైవారం మాట్లాడగలరని నాకు నమ్మకం లేదు.

డాక్టరమ్మ నిన్న ఇంటికొచ్చి చూసింది. గుమ్మం దగ్గర అడిగింది. "అబ్బాయి ఎక్కడున్నాడు?"

"సముద్రం మీదండీ."

"పిలిపించండి. నెలలున్నాయనుకోకండి."

ఆవిడ కారు సందు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. తర్వాత లోపలికి వచ్చి, ఎవర్నీ అడక్కుండా షాపుకి ఫోను చేసి ప్లాస్మా పంపమన్నాను. ఇన్నేళ్లలో ఈ ఇంట్లోకి అత్తయ్యకి చెప్పకుండా నేను కొన్న వస్తువు ఇదొక్కటే. సాయంత్రానికి ఇద్దరు మోసుకొచ్చి గోడకి బిగించి వెళ్లారు.

"ఇది ఏదే?" అన్నారు.

"ప్లాస్మా."

"వాడి కుర్చీలోంచి కిటికీ కనిపిస్తుందే, పిచ్చిదానా."

"కనిపించనీండి."

ఏదో తోటల గురించిన కార్యక్రమం వస్తోంది. కళ్లు మూసుకుపోతున్నా మళ్లీ తెరుచుకుని చూశారు. "ఆకుపచ్చ బాగుంది" అన్నారు.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం ఆవిడ మంచం పక్కనే కూర్చుని రాస్తున్నాను. ఇందాకే అడిగారు, "టీవీ గురించేనా?" అని. "అవునత్తయ్యా" అన్నాను. "ఈసారి ఎల్సీడీ అని రాయి" అని కళ్లు మూసుకున్నారు.

అక్కడికి ఫోను చేసే దారి మాకు లేదు, మీరు చేస్తే ఆవిడ పక్కనే ఉంటారు, అందుకే ఉత్తరంలో మాట తప్పాను. ఆవిడకి తెలిస్తే తిడతారు. తిట్టే ఓపిక ఉంటే అంతకన్నా కావలసిందేముంది? మీ పని సంగతి తర్వాత చూసుకుందాం. మీరు ఉద్యోగం పోగొట్టుకుని వస్తే నేను ఇల్లు నడపగలను, అది నాకు వచ్చిన పనే. మీరు రాకుండా ఇది జరిగిపోతే మాత్రం ఆ తర్వాత మీతో ఎలా ఉండాలో నాకు తెలీదు.

అత్తయ్య చెప్పింది నిజమే. మీ కుర్చీలోంచి చూస్తే పగలంతా తెరమీద కిటికీయే. అందుకని కుర్చీని తీసుకొచ్చి మంచం పక్కన వేశాను, ఆవిడ చెయ్యి అందేటంత దగ్గరగా. అందులోనే కూర్చుని ఉన్నాను. ఇక్కణ్ణుంచి అంతా బాగా కనిపిస్తోంది.

దీనికి జవాబు రాయకండి. బయల్దేరండి.

ఇట్లు,
మీ ఇంటావిడ,
మీ అమ్మగారి కోడలు