గట్టు మీద నాన్న చెయ్యి

తమ్ముడు బుజ్జిబాబుకి అక్క నూకరత్నం దీవెనలు. నిడదవోలులో మేమంతా బాగున్నాం. ఫోనులో అయితే ఏడ్చేస్తానని కార్డు రాస్తున్నాను.

నాన్న బతికుండగా పోసిన బోరు గట్టు తెల్లగా పొంగి పెచ్చులూడుతోందన్నావు కదా, మీ బావగారు ఇంజనీరుని అడిగారు. సముద్రం పక్క బోరునీళ్లలో సల్ఫేట్లు ఎక్కువట. అవి సిమెంటులోకి దిగి, లోపల్నించి ఉబ్బించి పగలగొడతాయట. కొత్త గట్టుకి సల్ఫేటుని తట్టుకునే సిమెంటే అడుగు. కాలువ నీళ్లు కట్టేశారని సిమెంటుని బోరునీళ్లతో కలిపేవు సుమా, కాలువ వదిలేదాకా ఆగు.

అమ్మకి నడుంనొప్పి తగ్గిందా? పిల్లలకి ముద్దులు.

పాతది కొట్టించే ముందు తూర్పు మూల చూడు. పచ్చి సిమెంటులో నా పాదం అద్దిస్తూ, నేను జారితే నాన్న తన చెయ్యి ఆ సిమెంటుకే ఆనించి నన్ను ఆపారు. నా పాదం పోతే పోనీ, ఆ చేతిముద్ర ముక్క చెక్కించి దాచు. నేనొచ్చి ఆ వేళ్లలో నా వేళ్లు పెట్టుకోవాలి.