మృగశిరకు ముందే మా విత్తనం పసుపు విడిచిపెట్టాలని

ఆర్మూర్ మార్కెట్ యార్డులో కొత్తగా తెరిచిన పంట షేర్ల ఎక్స్ఛేంజి ప్రత్యేక అధికారి వారి సముఖమునకు,
అదే యార్డులో హమాలీ పని చేయు లోకేశ్, తండ్రి హన్మయ్య, వేల్పూర్ మండలం, వ్రాసుకొను మనవి.

అయ్యా,

విషయం: మా అమ్మ నీలవ్వ దాచిపెట్టమని ఇచ్చిన విత్తనం పసుపును తమరు షేర్లుగా మార్చినందున, దానిని తిరిగి పసుపుగా మార్చి ఇప్పించుట గురించి.

1. తమరి ఎక్స్ఛేంజి ఆరంభం నాడు ఏసీ హాలు, గోడంత బోర్డు, రిబ్బను, కత్తెర అన్నీ ఉన్నవి. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు మాత్రం లేరు. వ్యాపారులు వచ్చి, టిఫిన్ తిని, బయట కుప్పల దగ్గరికి పోయి ఎప్పటిలాగే కొమ్ము విరిచి చూసుకుంటూ బేరాలు చేసుకున్నారు. అప్పుడు తమరు, లారీ నింపుతున్న మమ్మల్ని పిలిచి, తెల్ల చొక్కాలు తొడిగించి, కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టినారు. "కొత్త మార్కెట్‌కు కదలిక కావాలి, మీరు కదిలించండి" అని సెలవిచ్చినారు. కదిలించుడే మా పని గనుక ఒప్పుకున్నాము. కొనడానికి మా ఖాతాల్లో ఉత్త అంకెలు కూడా తమరే వేయించినారు.

2. మాకు షేరు సంగతి తెలియదు, మూట సంగతి తెలుసు. మూట ఒకని భుజం మీది నుంచి ఇంకొకని భుజం మీదికి పోతుంది. ఎవని వంతు వానిది, కాదనరాదు. ఒకడు కోపమొచ్చి మూట కింద పెట్టినాడంటే, వాడు మళ్లీ ఎత్తేదాకా ఇంకెవడూ దాన్ని ముట్టడు. అది తాతల నాటి కట్టు. షేర్లను కూడా అదే పద్ధతిన నడిపినాము. నేను తోటి హమాలీ రంజిత్‌కు, రంజిత్ ధర్మయ్యకు, ధర్మయ్య నాకు. రేటు పడి బోర్డు ఎర్రబడితే తమరి మనిషి వెనక నుంచి వీపు గోకేవాడు. అందుకని చేయి మారినప్పుడల్లా ఒక రూపాయి కలిపినాము.

"గీ మూటకు బరువే లేదు గని, రేటు జూడు, ఎట్ల ఎక్కుతాందో" అని మా ముఠా పెద్ద ధర్మయ్య ఒకటే నవ్వు.

సాయంత్రానికి బోర్డు వరి మడి లెక్క పచ్చగా ఉంది. తెల్లారి పేపర్లో "పసుపు షేరు దూకుడు" అని వచ్చింది. సదరు దూకుడు మేము ముగ్గురం.

3. ఆ పేపరు చూసి రైతులు, పసుపు వేసి షేర్లు తీసుకుందామని తమరి గోదాముకు ఎగబడినారు. మా అమ్మ పోయింది షేర్ల కోసం కాదు. "విత్తనం కూడా చల్లగా, భద్రంగా దాచిపెడతాము" అని తమరు మైకులో చెప్పించినందుకు పోయింది. సదరు పసుపు ఉడకబెట్టనిది, పచ్చిది, మట్టిలో పెడితే మొలిచేది. తమరి కంప్యూటర్‌లో విత్తనానికి గడి లేదు. దానికి పసుపంటే పసుపే. మా అమ్మ వేలిముద్ర పెట్టి, షేర్‌హోల్డర్ అయి, బస్సెక్కి ఇంటికి పోయింది. ఆ టైముకు నేను ఏసీలో కూర్చుని రేటు పెంచుతున్నాను.

4. రోహిణి కార్తె రాగానే మేమిద్దరం విత్తనానికి వచ్చినాము. తమరు కుర్చీ వేయించినారు, కాదనను. చాయ్ కూడా ఇప్పించినారు.

"మీ పసుపు ఎక్కడికీ పోలేదమ్మా. రూపం మార్చుకుంది, అంతే" అన్నారు.

"మారితే మారింది గని సారూ, గా రూపం భూమిల పెడితే మొలుస్తదా?" అన్నది మా అమ్మ.

"అలా కాదమ్మా, మీరిప్పుడు ఇన్వెస్టర్."

"నీ కాల్మొక్త సారూ, గదేందో తీసేయ్. నా సంచులు నాకియ్యి."

సరుకు వెనక్కిచ్చే రూల్సు ఇంకా తయారవుతున్నాయనీ, అప్పటిదాకా షేర్లు అమ్ముకోవచ్చనీ తమరు తెలియజేసినారు.

5. సరే, మా అమ్మ షేర్లు అమ్మకానికి పెట్టింది. కొనే వంతు ఆ రోజు నాది. మా అమ్మ అమ్మింది, నేను కొన్నాను, బోర్డు పచ్చబడింది, తమరి మనిషి చప్పట్లు కొట్టినాడు. ఆమె ఖాతాలోకి వచ్చింది తమరు వేయించిన ఉత్త అంకెలే. బయటికి తీయరాదట. ఇంటికి పోయి ఇద్దరం ఒక్క గంజులో అన్నమే తిన్నాము.

"కొన్నవు గద కొడుకా, ఏది మరి?" అని అడిగింది. దీనికి జవాబు తమరి దగ్గర ఉంటే రాతపూర్వకంగా ఇప్పించగలరు.

6. వేరే విత్తనం కొనుక్కోవచ్చు కదా అని తమరు అనవచ్చును. అది ఏటేటా మా అమ్మ కొమ్ము కొమ్ము ఏరి నిలుపుకున్న విత్తనం. కౌలు చెల్క దున్ని, సాళ్లు తోలి పెట్టినాము. మృగశిరలో విత్తనం పడకపోతే ఈ ఏడు పంట లేదు, కౌలు భూమి నిలవదు. నిన్న షట్టరు సందులోంచి లైటు కొట్టి చూసినాను. సంచుల్లోంచి మొలకలు బయటికి వచ్చినాయి. వాటికి తమరి రూల్సు ఇంకా తయారు కాలేదని తెలియదు. ఇంకొన్నాళ్లు ఆగితే మురిగిపోతాయి.

కావున, గోదాము తాళం తీయించి, మా అమ్మ సంచులు మా అమ్మకు ఇప్పించవలెనని కోరుతున్నాను. చివర "చిత్తగించవలెను" అని రాయాలట. రాసినాను. చిత్తం ఉంటే చిత్తగించండి.

రేపు పొద్దున బోర్డు వెలిగేదాకా మాత్రం
తమ విధేయుడు
లోకేశ్

తా.క.: రేపు మంత్రి గారు బోర్డు చూడటానికి వస్తున్నారని తెల్ల చొక్కాలు ఇస్త్రీ చేసుకురమ్మన్నారు. మొదటి కొనుగోలు వంతు నాది. తాళం తీయకపోతే నేను మూట కింద పెడుతున్నాను. ధర్మయ్యకు చెప్పినాను. "నువ్వు కింద వెట్టినంక మేం ముడ్తమారా పిల్లగా?" అన్నాడు. రంజిత్ అప్పుడే చొక్కా విప్పి తమరి బంట్రోతు చేతిలో పెట్టినాడు. మా అమ్మ తెల్లారేసరికి ఖాళీ గోతాలు పట్టుకుని షట్టరు ముందు కూర్చుంటుంది. సంచులు మోసేది మేమే, తమరు తాళంచెవి ఒక్కటి మోసుకొస్తే చాలు.

వంతు తమరిది.