పెంచలమ్మ చెయ్యి

ఆత్మకూరు,
14-2-1954

అమ్మలాంటి అత్తమ్మకు,

పెంచలమ్మను మీ దగ్గరకు వింజమూరు పంపమని మీరు రాయించిన కార్డు అందింది. ఎనిమిదేళ్ల ఆడపిల్లను ఒక్కడినే పెంచలేనని నాకూ తెలుసు. పంపుతాను. అంతకు ముందు మీకొక సంగతి చెప్పాలి.

రామసుబ్బమ్మ పోయిన నాటినుంచి పిల్ల ఎవరికీ మంచినీళ్లు ఇవ్వడం లేదు. అడిగితే కుండ చూపిస్తుంది. ఈ నెల మొదట్లో గట్టిగా అడిగితే చెప్పింది. పదోరోజున మీరు నలుగురిలో ఏడుస్తూ, "నా కూతురు ఈ బిడ్డ చేతి నీళ్లు తాగి పోయినాది" అన్నారట. కన్నబిడ్డ చేతి మీదుగా ఆఖరి గుక్క తాగడం అదృష్టమని మీరన్న మాట అది. పిల్లకు మరోలా వినపడింది. తానిచ్చిన నీళ్ల వల్లే అమ్మ పోయిందని మూడు నెలలుగా అనుకుంటోంది. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. ఒకే ఇంట్లో ఉండి కనుక్కోలేకపోయింది నేను.

ఆ మర్నాడే మా ఎర్రకోడి పొదుగుకొచ్చింది. రామసుబ్బమ్మ చేత్తో పెట్టిన గుడ్డు మురగదని ఈ వీధి ఆడవాళ్లు ఆమెను పిలుచుకుపోయేవారు, మీకు తెలుసు. పక్కింటి రోశమ్మ గంపలో పొట్టు పోసి పెంచలమ్మను పిలిచింది. పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మీ అమ్మ చెయ్యే గదా నీది. పెట్టు."

"నా చెయ్యి మంచిది కాదవ్వా."

"అది నువ్వు చెప్తే ఎట్ట? కోడి చెప్తాది."

పిల్ల పదకొండు గుడ్లు గంపలో పెట్టింది. ఇక రోజూ లెక్క పెడుతోంది. బిడ్డ చెయ్యి ఎలాంటిదో కోడి చెప్పబోతోందని నాకు భయం పట్టుకుంది. పదోరోజు పిల్ల బడికి పోయాక, కోడి మేతకు దిగినప్పుడు, గుడ్లను తలుపు సందులో ఎండకు పట్టి చూశాను. కోడిపిల్ల కడితే లోపల నీడ కనిపించాలి. తొమ్మిదింటిలో లేదు. పొదగేసేనాటికే పాతవయ్యాయేమో. రామసుబ్బమ్మయితే ఏ గుడ్డు ఏనాటిదో చెప్పేది.

మర్నాడు సెలవు పెట్టి చేజర్ల పోయాను. నాతో చదువుకున్న హుసేనయ్య ఇంట్లో అదే వారం పొదగేసిన కోడి ఉంది. "ఏంది రామయ్యా, కోడిగుడ్లకు లీవు పెట్టినావా?" అని నవ్వాడు. నీడ కనిపించిన తొమ్మిది గుడ్లు తవుట్లో కప్పి, గంప ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చాను. పిల్ల బడినుంచి వచ్చేలోపు మార్చేశాను.

నేను చేసింది మోసమే. పెంచలమ్మకు చెప్పకండి. కోడిపిల్లలు లేచాక ఆమెను తీసుకొస్తాను.

మీ అల్లుడు
చెంచురామయ్య


ఆత్మకూరు,
2-3-1954

అత్తమ్మా,

పది కోడిపిల్లలు లేచాయి. రోశమ్మ వీధంతా చెప్పుకొచ్చింది. పెంచలమ్మ మాత్రం నవ్వలేదు. నూకలు చల్లి, గంపలోని పెంకులు ఏరుతూ కూర్చుంది.

నీ చెయ్యి మంచిదని తేలింది కదా అన్నాను. రెండు పెంకులు నా ముందు పెట్టింది.

"మన గుడ్లన్నిటికీ నేను బొగ్గుతో గీత పెట్టినాను నాయనా. కొత్త గుడ్డు కలిసిపోకుండా అమ్మ పెట్టేది. ఇప్పుడు రెండిటికే ఉండాది."

ఆ గీతలు నేనూ చూశాను. పొయ్యి మసి అనుకున్నాను.

అంతా చెప్పేశాను. ఆనాడు మీరన్న మాటకు అర్థం కూడా చెప్పాను. పెంకులు మళ్లీ చేతిలోకి తీసుకుంది. తర్వాత, "అమ్మ దప్పికన్నాది. అందుకే ఇచ్చినాను," అంది.

మళ్లీ తనే, "నావి రెండు గుడ్లే అని రోశమ్మవ్వకు చెప్పొద్దు," అంది. ఆ రెండూ పిల్లలైనాయి గదమ్మా అన్నాను. దానికి కొంచెం నవ్వింది. మీరన్న మాట సంగతి మాత్రం నమ్మనంది. గుడ్లు మార్చినవాడు మాట మార్చడా అని అడిగింది.

"వింజమూరు అవ్వ చెప్తే నమ్ముతాను" అంది.

పెంచలమ్మను పంపడం లేదు. పంపితే, తన చెయ్యి మంచిది కాదనే పంపానని అనుకుంటుంది. పైగా, ఆమె లేకుండా ఈ ఇంట్లో ఉండడం నావల్ల కాదు. ఇది ముందే రాయవలసింది.

మీరే రండి. శనివారం బస్సు దగ్గర ఇద్దరం ఉంటాం. ఇంటికి రాగానే ఆమెను దగ్గరకు తీసుకుని ఆనాటి మాటకు అర్థం మీ నోటితో చెప్పండి. చెప్పాక, దప్పికగా ఉందని ఆమెనే అడగండి.

మీ
చెంచురామయ్య