రెండు ముళ్ల కవరు

సోంగ్‌ఖ్లా, థాయ్‌లాండ్
ఏప్రిల్ నెలాఖరు

ప్రియమైన ఈశ్వరికి,

క్షేమంగా చేరాను. పడవలు కట్టే యార్డు సముద్రం ఒడ్డునే ఉంది. గాలి మన పెదజాలరిపేట గాలిలాగే ఉంది, వాసన కూడా అదే. వేట నిషేధం ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఖాళీగా కూర్చోకుండా ఈ ఫైబర్ పడవల పనికి రావడం మంచిదే అనిపిస్తోంది.

కాగితం మీద రాసి ఫొటో తీసి పంపమన్నావు చూడు, అది ఇంకా మంచిదయింది. గదిలో ఆరుగురం ఉన్నాం. నువ్వు ఫోన్‌లో తిడితే ఆరుగురికీ వినిపిస్తుంది. ఇలా అయితే తిట్లన్నీ నాకొక్కడికే.

తిట్లు ఎందుకంటే, నువ్వు చొక్కా లోపల జేబు కుట్టి పెట్టిన రూపాయలన్నీ విమానం దిగగానే అక్కడి కౌంటర్‌లో మార్చేశాను. అద్దాల వెనక కూర్చున్న పిల్ల నవ్వుతూ ఇక్కడి డబ్బు, కాసిని బాత్‌లు చేతిలో పెట్టింది. ఇక్కడ ఊళ్లోకి వచ్చాక మార్చుకుని ఉంటే ఇంకో వారం టీ ఖర్చు మిగిలేదని నా గదిలో ఉండే కామరాజు తర్వాత చెప్పాడు. నాకేం తెలుసు? మన పేటలో వేట మగాళ్లది, బేరం ఆడాళ్లది. చేప గట్టెక్కితే నా పని అయిపోయినట్టే. చిన్నప్పుడు డబ్బు అమ్మ రొంటిన ఉండేది, పెళ్లయ్యాక నీ రొంటిన ఉంది. నువ్విచ్చిన దానితో టీ తాగడమే గాని, నోటు నా దగ్గర ఒక పూట నిలిచిందా? ఇప్పుడు మిషన్‌లో కార్డు పెట్టి తీసుకోవాలంటే భయమేస్తోంది. పడవ తిరగబడినప్పుడు కూడా ఇంత భయపడలేదు. ఎలాగో చెప్పు.

నీ ఎల్లారావు


పెదజాలరిపేట

బావా,

నవ్విన పిల్లకి డబ్బంతా ఇచ్చేసి వచ్చావన్నమాట. పోనీలే, మనిషివి మిగిలావు.

నీ కోసం ఒక పూట బేరం మానుకుని సీతమ్మధార బ్యాంకుకి వెళ్లాను. అక్కడ సత్యశ్రీ అనే అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. నాకు అర్థమైనట్టు రాస్తున్నాను, గుర్తుపెట్టుకో.

రోడ్డు పక్క దుకాణాల్లో ఉండే మిషన్ జోలికి పోకు. బ్యాంకు తలుపు తెరిచి ఉన్నప్పుడు, ఆ బ్యాంకు గోడకున్న మిషన్ దగ్గరికే వెళ్లు. కార్డు మింగేస్తే లోపలికి వెళ్లి అడగొచ్చు. నంబరు నొక్కేటప్పుడు రెండో చెయ్యి అడ్డం పెట్టుకో, కామరాజు పక్కనున్నా సరే. మధ్యలో మిషన్ ఒక ప్రశ్న వేస్తుందట, మీ రూపాయల లెక్కలోనే కోసుకోమంటారా అని. మర్యాదగా అడుగుతుంది గాని అది మోసపు రేటు. వద్దని నొక్కు. వాళ్ల డబ్బులోనే కోసుకోమను.

జీతం పడే ఖాతా వేరు, నీ కార్డున్న ఖాతా వేరు. నీ దాంట్లో ఖర్చుకి సరిపడా మాత్రమే వేశాను. కార్డు పోయినా ఇల్లు మునగదు. తీసిన ప్రతిసారీ మిషన్ రెండొందల పైచిలుకు బాత్‌లు కోస్తుందట. అందుకని రోజూ కాస్త కాస్త తీయకు. అలాగని అంతా తీసేసి ఆరుగురి గదిలో పెట్టుకోకు. తక్కువ తీస్తే కోత భయం, ఎక్కువ తీస్తే దొంగ భయం. రెండు మూడు దఫాలుగా తీసుకో.

తీసినప్పుడల్లా నా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. అది చూసి నువ్వు తింటున్నావని అనుకుంటాను.

ఈశ్వరి


సోంగ్‌ఖ్లా

నా ఈశ్వరికి,

మెసేజ్ వచ్చే ఉంటుంది. గెలిచాను!

నువ్వు చెప్పినట్టే బ్యాంకు తెరిచాక వెళ్లాను. మిషన్ ఆ ప్రశ్న అడిగింది. వద్దంటే అసలు డబ్బే రాదేమో అనిపించింది. కళ్లు మూసుకుని వద్దని నొక్కాను. లోపల కాసేపు గరగరలాడి నోట్లు బయటికొచ్చాయి. వాటిని చూస్తే వల నిండినంత సంబరమైంది.

ఒక్క మాట మాత్రం మీరాను. అంతా ఒకేసారి తీసేశాను. రెండు మూడు కోతలెందుకని. కంగారుపడకు, గదిలో పెట్టలేదు. భద్రమైన చోట ఉంది. నీ దగ్గర ఉన్నట్టే అనుకో.

తిండికి లోటు లేదు. ఇక్కడా కానాగంత చేపలు దొరుకుతున్నాయి. పులుసులో చింతపండు పడుతోంది, కారం మనకంటే రెండాకులు ఎక్కువే. అమ్మని అడిగానని చెప్పు.

ఎల్లారావు


పెదజాలరిపేట
మే నెల

ఎల్లారావుకి,

పేరు పెట్టి రాశానంటే ఎందుకో నీకు తెలుసు.

మీ యార్డులో పనిచేసే జగ్గారావు నిన్న అక్కణ్నుంచి దిగాడు. తిన్నగా పూర్ణా మార్కెట్‌కే వచ్చి, నా గంప ముందు నిలబడి, నలుగురు బేరగాళ్ల మధ్య అన్నాడు: "వదినా, అన్న బాగున్నాడు. డబ్బులికి బెంగెట్టుకోకు. అక్కడో ఆడమనిసి కాడ దాసుకుంతన్నాడు. ఆవె రొంటినే ఉంతాయి. రోజూ సాయంత్రం ఆవె కాడే బువ్వ."

నా చేతిలో సగం కోసిన చందువా చేప ఉంది. కత్తి ఆగిపోయింది. పక్క గంప చిలకమ్మ నవ్వింది. "ఏటే ఈస్పరీ, మీ ఆయన పైదేసం ఎల్లి కొత్త బేంకు ఎట్టీసినాడేటే?" అంది. ఆ పూట చేపలు ఎంతకి అమ్మానో నాకే తెలియదు.

భద్రమైన చోటంటే ఇదా? నీ దగ్గర ఉన్నట్టే అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

డబ్బు పోతే పోతుంది. ఆ ఖాతాలో ఎంత వేశానో, పోతే ఎంత పోతుందో లెక్క చూసుకునే వేశాను. నా బాధ అది కాదు. పెళ్లయిన ఏడాదికి అత్త తన రొంటినున్న సంచి తీసి నా చేతిలో పెట్టినప్పుడు, ఈ ఇంట్లో నాకు చోటు దొరికిందనుకున్నాను. ఆ చోటు నువ్వు ముక్కూ మొహం తెలియని మనిషికి ఇచ్చేశావు. అదీ నాకు చెప్పకుండా.

ఎవరావిడ?

ఈశ్వరి


సోంగ్‌ఖ్లా

ఈశ్వరీ,

నీ ఉత్తరం చదివి సగం భయపడ్డాను, సగం సిగ్గుపడ్డాను. ముందే చెప్పాల్సింది. చెబితే తిడతావని దాచాను. ఇప్పుడు తిట్లు రెండింతలు తింటున్నాను.

ఆవిడ పేరు నోయ్. ఇక్కడ అమ్మ కంటే పెద్దదాన్ని "పా" అంటారు, అందుకని అందరూ పా నోయ్ అనే పిలుస్తారు. వయసులో మా అమ్మకి అక్కలా ఉంటుంది. జెట్టీ దగ్గర చేపలమ్ముతుంది, సాయంత్రం అక్కడే అన్నం వండి అమ్ముతుంది.

నేను డబ్బు తీసిన రోజు జేబులో పెట్టుకుని నడవలేకపోయాను. ఎదురొచ్చే ప్రతివాడూ దొంగలాగే కనిపించాడు. గదికొస్తే కామరాజు తలగడ కింద పెట్టుకున్న డబ్బు పోయిందని గోల. అన్నానికి పా నోయ్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ చేప కోసి, చెయ్యి కడుక్కుని, రొంటినుంచి ప్లాస్టిక్ కవరు తీసింది. తడి తగలకుండా నోట్లన్నీ మడతపెట్టి అందులో ఉన్నాయి. నువ్వు పెట్టుకున్నట్టే. నాకింకేం ఆలోచన రాలేదు. నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయి, నోట్లన్నీ తీసి ఆవిడ ముందు పెట్టింది. ఎన్నేళ్ల అలవాటు!

ఆవిడ తెల్లబోయింది. వద్దని తోసింది. మళ్లీ పెట్టాను. చివరికి పకపకా నవ్వి, నా ఎదురుగానే లెక్కపెట్టి, వేరే కవరులో వేసి దాచింది. అప్పట్నుంచి రోజూ అడిగి తీసుకుంటున్నాను. ఎందుకని సైగ చేసి అడుగుతుంది. రెండో సీసాకి అడిగితే ఇవ్వలేదు. అచ్చం నువ్వే.

నీ చోటు ఎవరికీ ఇవ్వలేదే. నా దగ్గర డబ్బుంటే నాకు భయం. నీ దగ్గరుంటే నడిసముద్రంలో కూడా నాకు భయం ఉండదు. నువ్వు లేని ఊళ్లో నీలాంటి మనిషిని వెతుక్కున్నాను, అంతే.

నమ్మకపోతే ఆదివారం వీడియో చేస్తాను. నువ్వే చూడు.

నీ ఎల్లారావు


పెదజాలరిపేట

బావా,

చూశాను.

నేను దులిపేద్దామనే కూర్చున్నాను. చీర కొంగు బిగించి మరీ కూర్చున్నాను. ఫోన్‌లో ఆవిడ కనిపించేసరికి ముందు ఆవిడ చేతులు చూశాను. వేళ్ల నిండా పాత గాట్లు, గోళ్ల పక్కన పొలుసు. ఇంకేం తిట్టను? నేను నా చేతులు చూపించాను. ఆవిడ వాళ్ల భాషలో ఏదో అంటే, నేను మన భాషలో ఏదో అన్నాను. అంతలో ఆవిడ కవరు తీసి, ఒక్కొక్క నోటూ నాకు కనబడేట్టు ఎత్తి లెక్కపెట్టింది. నువ్వు పక్కన నిలబడి పెళ్లిచూపుల పిల్లాడిలా తల దించుకున్నావు. నాకు నవ్వాగలేదు.

అత్త నా వెనకనుంచి అంతా చూసింది. "డబ్బు మగోడి సేతిలో ఉంటే బెంగెట్టుకోవాల గాని, ఆడదాని సేతిలో ఉంటే నీకేటే బాధ?" అంది. నాకింకా కొంచెం మంటగానే ఉంది. కానీ అన్నం సహించింది.

వచ్చేటప్పుడు మిగిలిన బాత్‌లు విమానాశ్రయంలో మార్చకు. అక్కడ మళ్లీ కోత. నాకు తెచ్చి ఇవ్వు.

ఈశ్వరి


సోంగ్‌ఖ్లా
జూన్

నా ఈశ్వరికి,

రేపు బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం అందిన మర్నాడే నేనూ అందుతాను.

పా నోయ్ దగ్గర సెలవు తీసుకున్నాను. మిగిలింది లెక్కపెట్టి కవరులో పెట్టింది. ఇచ్చేస్తుందని చెయ్యి చాపితే చేతి మీద ఒక్కటేసింది. వలదారం తీసుకుని కవరు మూతి బిగించి ముడి వేసింది. మన వలముడే ఈశ్వరీ, మెలిక కూడా అదే. తర్వాత నా ఫోన్‌లో నీ ఫొటో తెరిపించి, కవరు చూపించి, నీ బొమ్మ చూపించింది. నన్ను చూసి అడ్డంగా తలూపింది. నేను విప్పకూడదట.

ఇన్నాళ్లు దాచినందుకు ఏమైనా తీసుకోమంటే పుచ్చుకోలేదు. చిరిగిన వలలు రెండు ఉంటే కూర్చుని బాగుచేసి ఇచ్చాను. యార్డువాళ్లు చవితి తర్వాత మళ్లీ పనికి రమ్మన్నారు కదా, వస్తానని సైగ చేశాను. అప్పుడు కళ్లు తుడుచుకుంది.

కవరు అలాగే తెస్తున్నాను. దారిలో టీ కూడా తాగను.

ఎల్లారావు


పెదజాలరిపేట
వినాయక చవితి వెళ్లాక

బావా,

ఈ ఉత్తరం నీ సంచిలో, చొక్కాల మడతలో పెడుతున్నాను. అక్కడికి వెళ్లి సంచి విప్పాకే కనిపిస్తుంది.

కవరు ఏం చేశావని నువ్వు మూడుసార్లు అడిగావు, నేను మాట మార్చాను. దాన్ని బ్యాంకుకి తీసుకెళ్లాను. ఆ నోట్లు ఇక్కడ మార్చుకుంటే ఒక కోత, నువ్వు మళ్లీ వెళ్లేటప్పుడు కొంటే ఇంకో కోత అని సత్యశ్రీ చెప్పింది. అలాగే ఉంచుకోమంది. అందుకే మార్చలేదని నీకు చెబుదామనుకున్నాను. అది నిజం కాదు. బ్యాంకుకి వెళ్లకముందే మార్చకూడదనుకున్నాను.

ఆ ముడి విప్పబుద్ధి కాలేదు. గోటితో గీకి చూశాను, మళ్లీ వదిలేశాను. నన్ను ఒక్కసారి, అదీ ఫోన్‌లో చూసిన మనిషి, నా మొగుడి చేతికి కూడా ఇవ్వకుండా నా కోసం ముడి వేసి పంపింది. నా చోటు పోయిందని ఏడ్చాను కదా. ఆ చోటు ఎవరిదో నీకంటే ఆవిడకే బాగా తెలుసు.

అందుకని కవరు నీ సంచి అడుగున పెట్టాను. ఈసారి నువ్వు మిషన్ దగ్గరికి వెళ్లే అవసరం చాలా రోజులు రాదు. ఇది చదివిన వెంటనే జెట్టీకి వెళ్లు. కవరు తిన్నగా పా నోయ్ చేతిలో పెట్టు. నువ్వు విప్పకు.

ఆవిడ ముడి మీద నేనూ ఒక ముడి వేశాను. చూడగానే ఆవిడకి తెలుస్తుంది.

నీ ఈశ్వరి